టెక్ సందేహాలు: వేడెక్కితే జారిపోయే ఫ్రీక్వెన్సీ

ప్రశ్న: హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్స్ వచ్చాక మొదటిసారి 7 మెగాహెర్ట్జ్ రిసీవర్ సొంతంగా కట్టుకున్నాను. పనిచేస్తోంది కానీ, స్టేషన్ పట్టుకున్న అయిదు నిమిషాలకే మాట వంకర పోతుంది. మళ్లీ డయల్ తిప్పాలి. ఆసిలేటర్‌లో, అంటే ఫ్రీక్వెన్సీని పుట్టించే సర్క్యూట్‌లో, వేసినవన్నీ 5 శాతం కచ్చితత్వం ఉన్న సిరామిక్ కెపాసిటర్లే. 1 శాతానివి కొనమంటారా?

జవాబు: వద్దు, డబ్బు దండగ. సెట్ వేడెక్కేకొద్దీ విడిభాగాల విలువ మారి, దాంతో ఫ్రీక్వెన్సీ జారుతోంది. 5 శాతం, 1 శాతం అన్న లెక్క, ఆ కెపాసిటర్ గది వేడిమిలో తన మీద అచ్చువేసిన విలువకు ఎంత దగ్గరగా ఉందో చెబుతుంది, అంతే. వేడెక్కాక కూడా అక్కడే నిలబడుతుందా అన్న దాని గురించి అది ఒక్క ముక్క చెప్పదు. గడియారాన్ని సరైన సమయానికి పెట్టి ఇచ్చినంత మాత్రాన రోజంతా సరిగ్గా నడుస్తుందన్న హామీ లేదు కదా!

మీరు చూడాల్సింది ఉష్ణోగ్రత గుణకం. డిగ్రీ వేడి పెరిగితే విలువ పది లక్షల్లో ఎన్ని వంతులు మారుతుందన్న లెక్క ఇది. దీన్నే పీపీఎం అంటారు. సిరామిక్ రకాల్లో సీ0జీ అనేది డిగ్రీకి 30 పీపీఎం మించి అటూ ఇటూ కదలదు. ఎన్‌పీ0 అన్నా ఇదే. రెండింటిలోనూ ఉన్నది సున్నా, ఓ అక్షరం కాదు. ఎక్స్7ఆర్ రకానికి మైనస్ 55 నుంచి 125 డిగ్రీల మధ్య 15 శాతం దాకా మారే స్వేచ్ఛ ఉంది. వై5వీ అయితే 82 శాతం దాకా పడిపోవచ్చు. దాన్ని కెపాసిటర్ అనడం కన్నా థర్మామీటర్ అనడం న్యాయం.

ఇది మీ డయల్ మీద ఎలా కనిపిస్తుందో లెక్క వేసి చూడండి. ట్యూనింగ్ సర్క్యూట్‌లోని మొత్తం కెపాసిటెన్స్ 1 శాతం పెరిగితే ఫ్రీక్వెన్సీ అర శాతం తగ్గుతుంది. 7 మెగాహెర్ట్జ్‌లో అర శాతం అంటే 35 కిలోహెర్ట్జ్! సైడ్‌బ్యాండ్ (హామ్‌లు మాటలకు వాడే ప్రసార పద్ధతి) మాటలు వినేటప్పుడు ఒకటి రెండు వందల హెర్ట్జ్ జారినా గొంతు మారిపోతుంది. అదే సీ0జీ వేస్తే, మరీ చెడ్డ ముక్క దొరికినా, దాని వాటా డిగ్రీకి 105 హెర్ట్జ్ దాటదు.

మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలియదంటారా? పాతకాలపు డిస్క్ కెపాసిటర్ అయితే పైఅంచున నల్లరంగు పూసి ఉందేమో చూడండి. అది ఎన్‌పీ0కి గుర్తు. గుర్తేమీ లేకపోతే కెపాసిటెన్స్ మీటరుకు తగిలించి, సోల్డరింగ్ ఐరన్‌ను తాకించకుండా దగ్గరగా పట్టుకోండి. అంకెలు పరుగు తీస్తే దాన్ని ఆసిలేటర్ దరిదాపులకు రానీయకండి.

అన్నీ సీ0జీ వేశాక కూడా కొంత జారుడు మిగులుతుంది. దానికి కారణం చాలావరకు కాయిల్. పసుపు రంగు ఐరన్ పౌడర్ టొరాయిడ్ (కాయిల్ చుట్టే ఉంగరం) డిగ్రీకి సుమారు 35 పీపీఎం, ఎరుపుది సుమారు 95 పీపీఎం చొప్పున వేడితోపాటు కాయిల్ విలువను (ఇండక్టెన్స్‌ను) పెంచుతాయి. ఇక్కడే పాలీస్టైరీన్ కెపాసిటర్ అక్కరకొస్తుంది. వేడెక్కితే దాని విలువ డిగ్రీకి 120 నుంచి 150 పీపీఎం చొప్పున తగ్గుతుంది. కాయిల్ పైకి లాగితే ఇది కిందికి లాగుతుంది. కెపాసిటెన్స్‌లో కొంత భాగాన్ని మాత్రమే దీనికి అప్పగించి, మిగతాది సీ0జీతో నింపితే రెండు లాగుళ్లూ దాదాపు సరిపోతాయి. ఒక్క జాగ్రత్త: ఇది సోల్డరింగ్ వేడికి ఇట్టే కరిగిపోతుంది. తీగను పట్టకారుతో పట్టుకుని, చప్పున అతికించి వదిలేయండి. నేను ఒకే సాయంత్రం మూడింటిని కరిగించాక గానీ ఆ పట్టకారు తీయలేదు.

సిల్వర్ మైకా కెపాసిటర్లకు ఉన్న పేరు కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. మంచివే, కానీ ముక్కకూ ముక్కకూ గుణకం తేడాగా ఉంటుంది. పాత సెట్లలోంచి పీకినవైతే ఉన్నట్టుండి ఫ్రీక్వెన్సీని గెంతించడమూ కద్దు.

మరో కిటుకు. 300 పికోఫారడ్‌లు కావాలంటే ఒక్కటే వేయకుండా 100 చొప్పున మూడింటిని సమాంతరంగా కలపండి. కరెంటు పంచుకోవడంతో ఒక్కొక్కటీ తక్కువగా వేడెక్కుతుంది. ఏ మార్పు చేసినా ఒకసారికి ఒకటే చేసి, మూతపెట్టి, పావుగంట ఆగి ఫ్రీక్వెన్సీ కౌంటర్‌లో అంకె రాసుకోండి.

ప్రశ్న: 5 వాట్ల ట్రాన్స్‌మిటర్ చివర, పై ఫ్రీక్వెన్సీలను ఆపడానికి పెట్టే లో-పాస్ ఫిల్టర్‌లో ఎక్స్7ఆర్ వాడవచ్చా? వోల్టేజీ ఎంత చాలు?

జవాబు: వాడకండి. ఇక్కడ గొడవ జారడంతో కాదు, నష్టంతో, అంటే కెపాసిటర్ లోపల వృథా అయ్యే శక్తితో. ఎక్స్7ఆర్‌లో నష్టం 2.5 శాతం దాకా ఉండవచ్చు, సీ0జీలో 0.1 శాతం లోపే. ఆ తేడా అంతా వేడిగా మారి కెపాసిటర్‌ను కాలుస్తుంది. ఇక వోల్టేజీ: 50 ఓమ్‌ల మీద 5 వాట్లంటే శిఖరం దగ్గర 22 వోల్టులు. యాంటెన్నా ఊడిపోతే అది రెట్టింపు దాకా ఎగబాకవచ్చు. 100 వోల్టులకు తక్కువది పెట్టకండి.

ప్రశ్న: మరి నా దగ్గర పెట్టెనిండా ఉన్న 104 ఎక్స్7ఆర్ కెపాసిటర్లను పారేయాలా?

జవాబు: అయ్యో, ఎందుకు? 104 అంటే 100 నానోఫారడ్‌లు. సప్లయి తీగల మీది ఆర్‌ఎఫ్‌ను (రేడియో ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌ను) నేలకు (గ్రౌండ్‌కు) దించడానికి అవి చక్కగా సరిపోతాయి. అక్కడ విలువ 15 శాతం అటూ ఇటూ అయినా ఎవరికీ పట్టదు. రేడియో సిగ్నల్‌ను నేరుగా ఆడియోగా మార్చే డైరెక్ట్ కన్వర్షన్ రిసీవర్‌లో ఆడియో మొదటి దశకు మాత్రం దూరంగా ఉంచండి. వాటికి పీజో గుణం, అంటే కుదుపును వోల్టేజీగా మార్చే గుణం, ఉంటుంది. బల్ల మీద వేలితో కొడితే ఆ చప్పుడు హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది.