బాలింత కాలు పట్టే ముందు

చిట్టీ,

బాలింతలకు ఒళ్లు పట్టే పనిలో దిగావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నూనె ఎంత కాగాలో, బిడ్డను కాళ్ల మీద ఎలా వేసుకోవాలో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. నేను రాసేది రక్తం గడ్డకట్టడం గురించి. ఈ పనిలో నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదొక్కటే.

కాన్పు అయ్యాక 6 వారాల దాకా రక్తం మామూలు కంటే తొందరగా గడ్డకడుతుంది. కాన్పులో నెత్తురు మరీ పోకుండా ఒళ్లు చేసుకునే ఏర్పాటది. సిజేరియన్ అయితే ముప్పు ఇంకా ఎక్కువ. పైగా మన ఇళ్లల్లో బాలింతను మంచం దిగనివ్వరు, మంచినీళ్లు కూడా కొలిచి ఇస్తారు. రెండూ దీనికి తోడే. పిక్కలోనో తొడలోనో లోపలి రక్తనాళంలో గడ్డ ఉన్నప్పుడు గట్టిగా పిసికితే, అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ప్రాణం మీదికొస్తుంది.

అందుకే నూనె గిన్నె ముట్టుకోకముందే రెండు కాళ్లూ పక్కపక్కన చాపించి చూడు. రెండు పాదాలకూ ఒకేలా నీరు పట్టడం మామూలే. ఒక కాలే వాచి, వెచ్చగా ఉండి, పిక్క సలుపుతోందంటే అనుమానించు. ఎక్కువగా ఎడమ కాలికే వస్తుంది. సంచిలో కుట్టుటేపు పెట్టుకో. మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె తగులుతుందే, దానికి 10 సెంటీమీటర్ల దిగువన రెండు పిక్కలూ కొలువు. 3 సెంటీమీటర్లు దాటి తేడా ఉంటే డాక్టర్లు కూడా అనుమానిస్తారు. తేడా లేదని ధైర్యం చేయకు, సలుపు ఉన్నా చాలు. పాదం వంచి, పిక్క నొక్కి చూసే పరీక్షలు నీకొద్దు. అవి నమ్మదగ్గవి కావు. నాళాల్లో నెత్తురు పారేది చూపే డాప్లర్ స్కాన్‌లోనే తేలుతుంది. అది తేలేదాకా ఆ కాలే కాదు, అసలు మర్దనే వద్దు.

తంటా అంతా అత్తగార్లతోనే. "నీరు దిగాలంటే గట్టిగా పట్టాలమ్మా, మేమందరం కనలేదా" అంటారు. వాదన పెట్టుకోకు. "డాక్టరమ్మకి చూపించండి, ఆవిడ సరేనంటే రేపే వస్తా" అని లేచి వచ్చెయ్. వేరే మనిషిని పెట్టుకుంటే పెట్టుకోనీ.

మందుల కవరు కూడా అడిగి చూడు. బొడ్డు పక్కన కమిలిన మచ్చలుంటే, రక్తం గడ్డకట్టకుండా పొట్టకు ఇంజెక్షన్లు ఇస్తున్నారేమో అడుగు. అక్కడ రుద్దకూడదు. గుండె వాల్వు మార్పించుకున్న పెద్దవాళ్లు కూడా నిన్ను పిలుస్తారు. వాళ్లలో చాలామంది రక్తం గడ్డకట్టకుండా వార్ఫరినో అసిట్రోమో మాత్రలు వాడుతుంటారు. డాక్టరు ఒప్పుకుంటేనే, అదీ అరచేత్తో తేలిగ్గా. బొటనవేలితో పొడవడం, మోచెయ్యి వేయడం, కప్పింగ్ వద్దే వద్దు. నొప్పుల బామ్ కూడా రాయకు. చాలావాటిలో ఉండే మిథైల్ సాలిసిలేట్ చర్మంలోంచి లోపలికి ఇంకి ఆ మాత్రల పని పెంచుతుంది, నెత్తురు కారే ప్రమాదం వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. హీమోఫీలియా, అంటే నెత్తురు సరిగా గడ్డకట్టని జబ్బు, ఉన్న పిల్లాడి మోకాలు వాచిందని పిలిస్తే చెయ్యి వేయకు, ఆసుపత్రికి పంపు.

మర్దన మధ్యలో ఆయాసం, గుండెలో పోటు, కళ్లు తిరగడం అంటే వెంటనే ఆపి 108కి ఫోన్ చేయించు. లేపి నడిపించొద్దు. కాన్పయి ఎన్నాళ్లయిందో, ఏ కాలు వాచిందో, ఏ మందులు వాడుతోందో అంబులెన్సు వాళ్లకి నువ్వే చెప్పు. ఇంట్లోవాళ్లు కంగారులో మర్చిపోతారు.

మీ పెద్దమ్మ