సెకండ్ పీయూసీ తప్పిన పిల్లకు మళ్లీ ఏడాది ఫీజంతా కట్టాలా?

బెంగళూరు రామ్మూర్తినగర్ నుంచి మీరు రాసింది చదివాను. అమ్మాయి సెకండ్ పీయూసీ (మన వైపు ఇంటర్ రెండో ఏడాది) సైన్సులో ఫిజిక్స్, మేథ్స్ తప్పింది, ఆ ఏడాది మళ్లీ చదవాలంటే కాలేజీ వాళ్లు పూర్తి ఫీజు కట్టమంటున్నారు, ఆ డబ్బు ఎక్కడ అప్పు తెస్తే మంచిది అని అడిగారు. అప్పు సంగతి తర్వాత చెబుతాను. అసలు ఆ ఫీజు కట్టవలసిన అవసరం ఉందో లేదో ముందు తేల్చుకోండి. చాలామందికి ఉండదు.

మా ఇంట్లో ఇదే జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మాది మదనపల్లె వైపు. నాన్న వడ్రంగి పని మీద వచ్చి ఇక్కడ కర్ణాటకలోనే స్థిరపడ్డారు. 2024 మార్చిలో మా తమ్ముడు కూడా ఆ రెండు సబ్జెక్టులే తప్పాడు. రిపీటర్ బ్యాచ్‌లో చేర్చుకుంటాం, 78,000 రూపాయలు అవుతుంది అన్నారు కాలేజీలో. నాన్న ఆ సాయంత్రమే తెలిసినవాళ్ల దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి మాట్లాడుకొని వచ్చారు. డబ్బు చేతికి తీసుకోకముందే నేను కాలేజీకి వెళ్లి, ఆ మొత్తం దేనికెంతో విడివిడిగా రాసిమ్మని అడిగాను. గుమాస్తా కాసేపు తటపటాయించి, పాత ప్రవేశ దరఖాస్తు ఒకటి తీసి దాని వెనక రాసిచ్చాడు. ట్యూషన్ ఫీజు 18,000, ల్యాబ్ 4,000, ఎంట్రన్స్ కోచింగ్ 46,000, మెటీరియల్ 6,000, ఇతరములు 4,000. సగానికి పైగా కోచింగే! పాస్ మార్కులు తెచ్చుకోవలసిన పిల్లవాడికి జేఈఈ కోచింగ్ ఎందుకు? ఆ కాగితం చూశాక నాన్న అప్పు మాట మళ్లీ ఎత్తలేదు.

అసలు నియమం ఇది. కర్ణాటకలో పీయూసీ పరీక్షలు నిర్వహించేది కాలేజీ కాదు, కర్ణాటక పాఠశాల పరీక్షలు, మూల్యాంకన మండలి, అంటే బోర్డు. పరీక్ష తప్పినవాళ్లు తప్పిన సబ్జెక్టులు మాత్రమే మళ్లీ రాస్తే చాలు. పాసైన వాటి జోలికి వెళ్లనక్కర్లేదు, ఏడాదంతా తరగతిలో కూర్చోనక్కర్లేదు. చదివిన కాలేజీ ద్వారానే రిపీటరుగా దరఖాస్తు పెట్టి పరీక్ష ఫీజు కడతారు. ఆ ఫీజు వందల్లోనే ఉంటుంది, వేలల్లో కాదు. పైగా ఇప్పుడు ఏడాదికి ఒకటి కన్నా ఎక్కువ పరీక్షలు పెడుతున్నారు, 2024, 2025లో మూడేసి పెట్టారు. ఎగ్జామ్-1 మార్చిలో అయితే, తర్వాతివి ఆ వేసవిలోనే, తర్వాతి విద్యాసంవత్సరం బాగా ముందుకు పోకముందే అయిపోతాయి. వాటిలో ఎక్కువ వచ్చిన మార్కులే నిలుస్తాయి. అంటే మీ అమ్మాయికి ఏడాది పోవాలన్న నియమమేమీ లేదు. ఒక్క సందర్భం మాత్రం వేరు. 75 శాతం హాజరు లేక హాల్ టికెట్టే రాకుండా ఆగిపోయి ఉంటే దారి మారుతుంది. అప్పుడు కాలేజీ ప్రిన్సిపాల్‌తోనూ బోర్డుతోనూ నేరుగా మాట్లాడాలి.

మా తమ్ముడు ఫిజిక్స్ ఎగ్జామ్-2లో గట్టెక్కాడు. మేథ్స్ మాత్రం మూడో పరీక్షలోనూ పోయింది. కాబట్టి ఏడాది ఇంట్లో ఉండి 2025 మార్చిలో రాసి పాసయ్యాడు. ఆ ఏడాదికి మాకైన ఖర్చు నెలకు 2,000 చొప్పున మేథ్స్ ట్యూషను, పరీక్ష ఫీజు, కొన్ని పుస్తకాలు. అన్నీ కలిపి కాలేజీ అడిగిన దానిలో సగం కూడా కాలేదు.

ట్యూషను చెప్పింది మా వీధిలోనే ఉండే రిటైర్డ్ లెక్చరరు. ఆయన మొదట అడిగింది జవాబు పత్రం. బోర్డుకు దరఖాస్తు చేస్తే దాని స్కాన్ కాపీ వస్తుంది. సబ్జెక్టుకు కొన్ని వందలు అవుతుంది, ఆ డబ్బు దండగ అనుకోకండి. మా వాడి కాపీలో ఒక మార్కు ప్రశ్నలన్నీ నిండుగా ఉన్నాయి. ఐదు మార్కుల ప్రశ్నల దగ్గర రెండు మూడు వరుసలు రాసి కొట్టేసి ఉన్నాయి, ఆ తర్వాత పేజీలు తెల్లగా ఉన్నాయి. "వీడికి లెక్క రాక కాదమ్మా, మొదలుపెట్టి చివరిదాకా రాసే అలవాటు లేక" అన్నారు ఆయన. అప్పటిదాకా మేమంతా వాడికి మేథ్స్ ఎక్కదనే అనుకున్నాం. ఆయన సిలబస్ అంతా మళ్లీ మొదటినుంచి చెప్పలేదు. బోర్డు వెబ్‌సైటులో ఉచితంగా దొరికే పాత ప్రశ్నపత్రాలు, ఏ పాఠానికి ఎన్ని మార్కులో చూపే పట్టిక ముందు పెట్టుకొని, మ్యాట్రిసెస్, డిటర్మినెంట్స్, లీనియర్ ప్రోగ్రామింగ్, ప్రాబబిలిటీ గట్టిగా పట్టించారు. వారానికో పూర్తి ప్రశ్నపత్రం గడియారం ముందు పెట్టి రాయించారు. 46,000 కోచింగులో ఇలా ఒక్క పిల్లవాడి కాగితం పట్టుకొని కూర్చునేవాళ్లు ఉంటారని నేను అనుకోను.

కాలేజీకి వెళ్లకపోతే పోయేది ఒకటుంది, అది దాచను. పొద్దున లేచి బ్యాగు వేసుకొని వెళ్లే పద్ధతి పోతుంది. తోటివాళ్లు డిగ్రీలో చేరి ఫొటోలు పెడుతుంటే ఇంట్లో ఉన్నవాడికి మనసు కుదురుగా ఉండదు. దగ్గర్లో ప్రభుత్వ గ్రంథాలయం ఉంటే రోజూ అక్కడికి పంపండి. మా వాడు నిలబడింది ఆ రీడింగ్ రూమ్ వల్లే. మీ అమ్మాయిని బస్సులో పంపవలసి వస్తే, 2023 జూన్ నుంచి అమల్లో ఉన్న శక్తి పథకం కింద మామూలు ప్రభుత్వ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ ఉండదు. కానీ గుర్తింపు కార్డులో కర్ణాటక చిరునామా ఉండాలి. మనవాళ్లు చాలామంది ఏళ్లకేళ్లు ఇక్కడే ఉంటూ ఆధార్‌లో ఊరి చిరునామాయే ఉంచుకుంటారు. మీదీ అలాగే ఉంటే ముందు అది మార్చుకోండి.

లేదు, తరగతిలో కూర్చుంటేనే చదువుతుంది అంటారా, ప్రభుత్వ పీయూ కాలేజీలో మళ్లీ చేర్చుకుంటారేమో అడగండి, ఫీజు చాలా తక్కువ. ప్రైవేటులోనే ఉంచాలనుకుంటే కోచింగు వద్దని రాసిచ్చి ట్యూషన్ ఫీజు మాత్రం, అదీ వాయిదాల్లో కడతామనండి. అడిగితే దిగివస్తారు. మేథ్స్ అసలే పడని పిల్ల అయితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, ఉంది. పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు అక్కడికి బదిలీ చేసుకోవచ్చు, ఆడపిల్లలకు ఫీజులో రాయితీ కూడా ఉంది. కానీ ఇంజనీరింగ్ ఆశ ఉంటే ఫిజిక్స్, మేథ్స్ వదలడానికి లేదు కాబట్టి ఆ దారి మీకు పనికిరాదు. ఊరికి పంపి అక్కడ ఇంటర్ చదివించమని బంధువులు చెబుతారు. ఇంజనీరింగ్ వంటి కోర్సుల ప్రవేశ పరీక్ష అయిన కర్ణాటక సీఈటీలో ప్రభుత్వ సీటుకు సాధారణంగా ఇక్కడ ఏడేళ్లు చదివి ఉండాలన్న నిబంధన చూస్తారు. మీ అమ్మాయికి ఆ ఏడేళ్లు ఇప్పటికే నిండాయో లేదో లెక్క చూసుకోకుండా పంపకండి.

స్కాలర్‌షిప్పు మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అవి సాధారణంగా తరగతి దాటినవాళ్లకే కొనసాగుతాయి. కుల ధ్రువపత్రం ఉన్నా మనకో చిక్కు ఉంది. ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రానికి వెంట రాదని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది ఆంధ్రప్రదేశ్ నుంచి బొంబాయి వెళ్లిన మర్రి చంద్రశేఖరరావే.

ఇక అప్పు. పీయూసీ చదువుకు బ్యాంకులు విద్యారుణం ఇవ్వడం అరుదు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే 78,000కు నెలకు 2,340, ఏడాదికి 28,080 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆ వడ్డీ డబ్బుతోనే ట్యూషను మొత్తం అయిపోతుంది. తప్పనిసరైతే ఇంట్లో కాస్త బంగారం బ్యాంకులో తాకట్టు పెట్టండి, వడ్డీ రూపాయికి అటూఇటూగా ఉంటుంది. చీటీ పాట మధ్యలో ఎత్తుకోవడం కన్నా అదే మేలు. పాత ఫీజు బాకీ ఉందని మార్కుల కార్డు ఆపితే కంగారు పడకండి, బోర్డు మార్కులు డిజిలాకర్‌లో కూడా దొరుకుతాయి.

మీ ప్రశ్న చివర్లో, ఆడపిల్ల కాబట్టి ఇక చదువు మాన్పించమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. దయచేసి ఆ మాట వినకండి. ఆరు సబ్జెక్టుల్లో నాలుగు పాసైన పిల్ల. మిగిలిన రెండింటికీ అయ్యే డబ్బు ఎంతో మీకిప్పుడు తెలుసు. ఫీజు ఎక్కువని మాన్పిస్తే, కట్టనక్కర్లేని ఫీజు కోసం మాన్పించినట్టవుతుంది. ఈ లెక్కంతా ఆ పెద్దవాళ్ల ముందే కూర్చుని చెప్పండి, అమ్మాయి కూడా వినాలి.

తర్వాతి పరీక్ష దరఖాస్తుకు ఫలితాల తర్వాత గడువు కొద్ది రోజులే ఉంటుంది. కాలేజీకి వెళ్లగానే ముందు రిపీటర్ దరఖాస్తు అడగండి, పరీక్ష ఫీజు కట్టి రసీదు తీసుకోండి. రిపీటర్ బ్యాచ్‌లో చేరితేనే దరఖాస్తు ఇస్తామంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మనండి. ఇవ్వకపోతే మల్లేశ్వరంలోని బోర్డు కార్యాలయానికి అమ్మాయి హాల్ టికెట్ జిరాక్సు తీసుకొని వెళ్లండి.