కమాండ్ లైన్ నుంచి టార్: మేనకోడలికి కొన్ని జాగ్రత్తలు

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

గనుల కంపెనీల వెబ్‌సైట్లు చూసేటప్పుడు వాళ్ల లాగ్‌లో (ఎవరొచ్చారో రాసుకునే చిట్టాలో) మీ కడప ఆఫీసు ఐపీ అడ్రసు పడకూడదు, అది టెర్మినల్ (కమాండ్లు కొట్టే తెర) నుంచే ఎట్లా చేసుకోవాలి అని అడిగినావు. విలేకరి పనిలో ఉన్నదానివి, నీకు ఈ జాగ్రత్త కావాల్సిందే. కమాండ్లు పలికినట్టు రాస్తున్నా, నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకో.

ముందు ఎవరి కంట పడకూడదో తేల్చుకో తల్లీ. ప్రాక్సీ, అంటే మన బదులు సైటు దగ్గరికి పోయే మధ్యవర్తి మెషిన్, పెట్టినంత మాత్రాన ఎవరికీ తెలియకుండా పోదు. చూసేవాళ్లు మారుతారు, అంతే. ఆఫీసు నెట్ వాళ్లకు తెలియకుంటే చాలనుకుంటే, అద్దె సర్వర్‌కు, దూరపు మెషిన్‌ను గుప్తంగా కలిపే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌తో, ఎస్ఎస్‌హెచ్ హైఫన్ పెద్ద డి 1080 అని కలిపితే నీ మెషిన్‌లోనే సాక్స్ అనే రకం ప్రాక్సీ ఒకటి తయారవుతుంది. కానీ ఆ సర్వర్ అద్దెకిచ్చినవాడి దగ్గర నీ పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో వీపీఎన్, వీపీఎస్ (అద్దె సర్వర్) కంపెనీలు ఖాతాదారుల వివరాలు కనీసం 5 ఏళ్లు దాచాలి. నీ పనికి ఇది చాలదు. ఇక నెట్‌లో దొరికే ఉచిత ప్రాక్సీ లిస్టుల జోలికి అసలు పోవద్దు. ఎవరు నడుపుతున్నారో తెలియని మెషిన్‌కు నీ ట్రాఫిక్ అంతా అప్పజెప్పినట్టే.

నీకు కావాల్సింది టార్. నీ ట్రాఫిక్ మూడు రిలేల (మధ్య సర్వర్ల) గుండా పోతుంది కాబట్టి మొదటి రిలేకు నువ్వెవరో తెలిసినా ఎక్కడికి పోతున్నావో తెలియదు, చివరిదానికి పోయే చోటు తెలిసినా నువ్వెవరో తెలియదు. ఉబుంటు లైనక్స్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టార్ అంటే చాలు, నీ మెషిన్ సొంత అడ్రసు 127.0.0.1 మీద 9050 పోర్టులో కూర్చుంటుంది. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ టార్ అని చూస్తే 'యాక్టివ్, ఎగ్జిటెడ్' అని కనపడుతుంది, కంగారు పడొద్దు. అది పై తొడుగు సర్వీసు మాత్రమే. అసలు పని చేసేది టార్ ఎట్ డిఫాల్ట్. జర్నల్‌సీటీఎల్‌లో దాని లాగ్ చూడు, 'బూట్‌స్ట్రాప్డ్ 100%' అని పడిందాకా ఆగు.

మధ్యలోనే నిలబడిపోతే మొదట గడియారం చూడు. విండోస్, లైనక్స్ రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో హార్డ్‌వేర్ గడియారాన్ని ఒకటి లోకల్ టైమ్ అనుకుంటుంది, ఇంకొకటి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. మన దగ్గర సరిగ్గా అయిదున్నర గంటల తేడా వస్తుంది, అంత తేడా ఉంటే టార్ కలవదు. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి, క్లాక్ సింక్ అయిందో లేదో చూసుకో. గడియారం బాగుండి కూడా ఆగిపోతుంటే నెట్ ఇచ్చేవాళ్లు అడ్డుకుంటున్నారేమో, అప్పుడు ఒబిఎఫ్ఎస్4 బ్రిడ్జ్ (టార్ అని గుర్తుపట్టనివ్వని రహస్య రిలే) పెట్టుకోవాలి.

చాలామంది దొరికిపోయేది ఈ తర్వాతి మెట్టులో, నింపాదిగా చదువు. పేజీలను టెర్మినల్‌లోకి తెచ్చే కర్ల్ అనే కమాండ్‌కు హైఫన్ హైఫన్ సాక్స్5 అని ఇస్తే పేజీ టార్ గుండానే వస్తుంది, అంతా బాగున్నట్టే కనపడుతుంది. కానీ సైటు పేరుకు ఐపీ ఏదని అడిగే డీఎన్ఎస్ ప్రశ్న మాత్రం నేరుగా ఆఫీసు నెట్ మీద పోతుంది. ముసుగేసుకుని బయల్దేరి, ఏడురోడ్ల కూడలిలో నిలబడి పోవాల్సిన ఇంటి పేరు గట్టిగా అడిగినట్టు ఉంటుంది. అందుకని ఎప్పుడూ హైఫన్ హైఫన్ సాక్స్5 హైఫన్ హోస్ట్‌నేమ్ 127.0.0.1:9050 అనే రాయి. అప్పుడు పేరు వెతకడం కూడా టార్ అవతలి కొసలోనే జరుగుతుంది. నా మాట నమ్మి ఊరుకోవద్దు, కళ్లతో చూడు. డీఎన్ఎస్ ప్రశ్నలు కనపడేలా ఇంకో టెర్మినల్‌లో సుడో టీసీపీడంప్ హైఫన్ ఎన్ హైఫన్ ఐ ఎనీ పోర్ట్ 53 నడుపుతూ రెండు రకాలుగానూ కర్ల్ కొట్టు. మొదటిదాంట్లో సైటు పేరు తెర మీద పడుతుంది, రెండోదాంట్లో పడకూడదు. ఇంకా గట్టి కట్టుదిట్టం కావాలంటే టార్ సెట్టింగుల ఫైల్ టార్‌ఆర్‌సీలో సేఫ్‌సాక్స్ 1 అని ఒక లైను చేర్చి టార్‌ను రీస్టార్ట్ చెయ్యి. పేరు ఇవ్వకుండా ఐపీ మాత్రమే తెచ్చే ప్రోగ్రాములను టార్ అప్పుడు వెనక్కి తిప్పి పంపేస్తుంది.

ప్రతిసారీ అంత పొడుగు కొట్టలేకపోతే ఆల్ అండర్‌స్కోర్ ప్రాక్సీ అనే వేరియబుల్‌కు సాక్స్5హెచ్ కోలన్ స్లాష్ స్లాష్ 127.0.0.1:9050 అని ఎక్స్‌పోర్ట్ చేసుకో. చివరి హెచ్ మరిచిపోతే మళ్లీ పాత లీకే. ఇది ఆ ఒక్క టెర్మినల్‌కే పని చేస్తుంది, మామూలుగా సుడోతో నడిపే కమాండ్లకు అది అందదు. అన్నిటికన్నా ప్రమాదం ఫైళ్లు దించే డబ్ల్యూగెట్ కమాండ్. దానికి సాక్స్ తెలియదు, ఆ వేరియబుల్‌ను పట్టించుకోదు, తప్పని చెప్పకుండా నేరుగా పోయి ఫైలు దించేస్తుంది. దాని ముందు టార్‌సాక్స్ (ప్రోగ్రాము ట్రాఫిక్‌ను టార్‌లోకి తిప్పేది) అని చేర్చాలి. టార్‌సాక్స్ కూడా గో భాషలో రాసిన ప్రోగ్రాముల మీద, స్టాటిక్‌గా (లైబ్రరీలు లోపలే కలిపేసి) కట్టిన వాటి మీద పని చెయ్యదు. పింగ్‌తో పరీక్షలు పెట్టొద్దు, టార్ టీసీపీ రకం ట్రాఫిక్‌ను మాత్రమే మోస్తుంది, పింగ్ ఆ రకం కాదు.

పని మొదలుపెట్టే ముందు రోజూ చెక్ డాట్ టార్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్ స్లాష్ ఏపీఐ స్లాష్ ఐపీ పేజీని కర్ల్‌తో తెచ్చుకో. 'ఈజ్‌టార్' పక్కన 'ట్రూ' అని ఉంటేనే ముందుకు పో.

కర్ల్ తన పేరు తానే చెప్పుకుంటుందని కూడా గుర్తుపెట్టుకో. చిన్న కంపెనీ సైటుకు రోజుకు నలుగురు వచ్చేచోట కర్ల్ అనే యూజర్ ఏజెంట్ (వచ్చిన ప్రోగ్రాము పేరు) లాగ్‌లో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. హైఫన్ పెద్ద ఏ తో మామూలు ఫైర్‌ఫాక్స్ యూజర్ ఏజెంట్ ఇచ్చుకో. రెండు కంపెనీలను ఒకే పూట చూసేటప్పుడు హైఫన్ హైఫన్ ప్రాక్సీ హైఫన్ యూజర్‌తో ఒక్కోదానికి ఒక్కో కల్పిత పేరు, పాస్‌వర్డ్ పెట్టు. టార్ వాటిని వేర్వేరు సర్క్యూట్లలో (రిలేల దారుల్లో) పంపుతుంది. పెద్ద పీడీఎఫ్ సగంలో తెగితే హైఫన్ పెద్ద సి, ఖాళీ, హైఫన్ అంటే ఆగినచోటి నుంచి దిగుతుంది. దించిన వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు నెట్ ఆపేసి తెరువు. కొన్ని తెరవగానే బయటి నుంచి బొమ్మలు తెచ్చుకుంటాయి, అప్పుడు నీ అసలు అడ్రసే పోతుంది.

కొన్ని సైట్లు 403 (లోపలికి రానివ్వం) అంటాయి, లేదా క్యాప్చాలతో సతాయిస్తాయి. టార్ ఎగ్జిట్ రిలేల (చివరి రిలేల) జాబితా అందరికీ కనపడేదే, అందుకే. తొందరపడి టార్ తీసేసి అదే పేజీని నేరుగా తెరిస్తే ఇంతసేపు పడ్డ పాటంతా వృథా. బ్రౌజర్‌లోనే చూడాల్సిన పేజీ అయితే నీ మామూలు క్రోమ్‌ను 9050కి తిప్పొద్దు. ఫాంట్లు, స్క్రీన్ కొలత, పాత కుకీలు నిన్ను పట్టిస్తాయి. టార్ బ్రౌజర్ విడిగా పెట్టుకో, దానిది 9150 పోర్టు. అందులో నీ సొంత జీమెయిల్ మాత్రం తెరవకు. హెచ్‌టీటీపీఎస్ లేని సైటులో ఏదీ నింపకు, చివరి రిలే నడిపేవాడికి అంతా కనపడుతుంది.

కొట్టిన ప్రతి అడ్రసూ టెర్మినల్ కమాండ్ల చిట్టా అయిన బ్యాష్ హిస్టరీ ఫైల్‌లో మిగిలిపోతుంది. ఉబుంటులో కమాండ్ ముందు ఒక ఖాళీ వదిలితే అది రాసుకోదు. ఈ పనంతా ఆఫీసు మెషిన్‌లో కాకుండా నీ సొంత ల్యాప్‌టాప్‌లోనే చేసుకో అమ్మా.

ఇట్లు,
మీ మామ