టెస్టర్‌లో లైట్లన్నీ వెలుగుతాయి, స్పీడ్ మాత్రం రాదు

ప్రశ్న: పాత డెస్క్‌టాప్‌లోని ఫొటోలు కొత్తదాంట్లోకి పంపాలి. రెండింటినీ నేరుగా కలపాలంటే క్రాసోవర్ కేబులే కావాలని షాపులో అన్నారు. నా దగ్గర మామూలు ల్యాన్ కేబుల్ ఉంది. ఇంకో సంగతి, 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా వైరు పెడితే 94 దాటడం లేదు. కేబుల్ బిగించినాయన టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలిగించి చూపించాడు. - ఓ పాఠకుడు, కరీంనగర్

జవాబు: షాపాయన చెప్పింది అబద్ధం కాదు, పాతబడిన నిజం. పాత 10, 100 ఎంబీపీఎస్ పోర్టుల్లో కంప్యూటర్ 1, 2 పిన్నుల మీద పంపి, 3, 6 మీద అందుకుంటుంది. స్విచ్ (కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ డబ్బా) దీనికి తిరగేసి ఉంటుంది కాబట్టి మామూలు కేబుల్ సరిపోతుంది. అదే రెండు కంప్యూటర్లయితే ఇద్దరూ ఒకే పిన్నుల్లో మాట్లాడతారు, వినేవాడుండడు. అందుకే క్రాసోవర్ కేబుల్‌లో, తీగల రంగులకున్న రెండు ప్రామాణిక వరసల్లో ఒక కొస ‘ఎ’ వరసలో, రెండోది ‘బి’ వరసలో బిగించేవారు. కేబుల్‌లో ఎనిమిది తీగలు రెండేసి మెలిపడి నాలుగు జతలుగా ఉంటాయి. వాటిలో నారింజ, ఆకుపచ్చ జతలు చోటు మార్చుకుంటాయి, అంతే. ఇప్పటి గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు ఆ మార్పిడి వాటంతటవే చేసుకుంటాయి. రెండింటిలో ఒక్కదానికి ఆ తెలివి ఉన్నా చాలు. కొత్త కేబుల్ కొనకండి.

అసలు చిక్కు మీ రెండో ప్రశ్నలో ఉంది. 94 అంటే లింకు 100 దగ్గరే ఆగిపోయిందని అర్థం. ముందు రూటర్ పోర్టు గిగాబిట్‌దేనా చూడండి, చవక రూటర్లలో చాలావాటికి అది 100 మాత్రమే. అది బాగుంటే నా అనుమానం కనెక్టర్ మీద.

కొస దగ్గర పట్టుకుని, క్లిప్పు అవతలి వైపుకు, వైరు కిందికి ఉండేలా చూడండి. ఎడమ నుంచి ‘బి’ వరస ఇలా రావాలి: నారింజ చార తెలుపు, నారింజ, ఆకుపచ్చ చార తెలుపు, నీలం, నీలం చార తెలుపు, ఆకుపచ్చ, గోధుమ చార తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం దూరడం విచిత్రంగా ఉంటుంది. అందుకే కొందరు ‘చక్కగా’ జత పక్కన జత పేర్చేస్తారు. రెండు కొసలూ అలాగే పెడితే టెస్టర్‌కి తప్పు కనబడదు. అది ఒకటో పిన్ను ఒకటికి చేరిందా అనే చూస్తుంది, ఏ తీగ ఏ తీగతో మెలిపడి ఉందో చూడదు. కానీ 3, 6 పిన్నులు వేర్వేరు జతలవైపోతే మెలికలు ఒకదాని రొదను ఒకటి రద్దు చేసుకోవు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. సిగ్నల్ నిలబడక లింకు 100కి దిగిపోతుంది, లేదా పడిపోతూ లేస్తూ ఉంటుంది.

ఇది నాకూ తగిలింది. మా ఇంట్లో నేనే బిగించుకున్న కేబుల్‌తో ఒక సాయంత్రమంతా రూటర్‌ని తిట్టాను. రంగులు తిరిగి చూస్తే, నీలం జత వెళ్లాల్సిన చోట ఆకుపచ్చ. 

రెండు కొసలూ కత్తిరించి ‘బి’ వరసలో మళ్లీ బిగించమనండి. మెలిక విప్పేది అర అంగుళం దాటనివ్వకండి. విండోస్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 చూపిస్తే పని అయినట్టే.