గ్రూప్‌ల అందరు వస్తమని ఎవరు రాకపోతే

అందరం కలిసి ఒకరోజు జనానికి మంచి పనులు చేద్దామని పిలిస్తే ఎందుకు రాలేదని అడిగినవ్ కదన్నా, వాళ్లకు మనసు లేక కాదు, వచ్చి ఏం చెయ్యాల్నో తెల్వక ఆగిపోయిన్రు. గ్రూప్‌ల 60 మంది సరే అని, పొద్దుగాల నల్గొండ క్లాక్ టవర్ కాడికి 7గురే వచ్చిన్రంటే కారణం గదే, "అందరికీ మంచి చేద్దాం" అంటే అది ఎవరి పనీ కాకుండ పోతది.

1. చీటీలు రాయుండ్రి. ఒక్కో చీటీల ఒక్కటే పని, అరగంటల అయ్యేది. బస్టాండ్‌ల ముసలోళ్ల సంచి బస్సు దాకా మొయ్యాలె, పెద్దాసుపత్రి బయట పేషెంట్లతోని వచ్చినోళ్లకు చాయ్ ఇప్పియ్యాలె, గట్ల.

2. అందరు మర్చిపోయేది ఇదే: ముందురోజు రాత్రే ఒక్కొక్కరికి ఫోన్ చేసి పని అప్పజెప్పాలె, గ్రూప్‌ల మెసేజ్ పెడితే సరిపోదు. "అక్కా, చాయ్ పని నీది, నీకు జోడీ ఫలానా తమ్ముడు" అని చెప్తే ఇగ ఆ అక్క తప్పకుండ వస్తది, ఎందుకంటే తను రాకపోతే ఆ తమ్ముడు ఒక్కడే నిలబడతడని తెలుసు. పాలమూరుల మేం మొదటిసారి ఇది చెయ్యకనే ఆగమైనం, రెండోసారి ఫోన్లు చేసినం, ఇద్దరు తప్ప అందరు వచ్చిన్రు.

3. ఫొటోలు వద్దు. సాయం తీసుకునేటోళ్ల మొహం గ్రూప్‌ల పెడితే వాళ్లకు చిన్నతనం అన్నా, అది చూస్తే నాకు మస్తు బాధైతది.

ఆసుపత్రి లోపలికి పోవాల్నంటే మాత్రం సూపరింటెండెంట్‌ను ముందే అడుగుండ్రి. మళ్ల తేదీ పెట్టాల్నంటే నవంబర్ 13 చూడుండ్రి, ప్రపంచ దయా దినోత్సవం, ఎండ కూడా గంత కొట్టదు.