అక్టోబరు సెలవుల్లో కాలేజీ పిల్లలతో వైట్ మౌంటెన్స్

“మా అమ్మాయి బోస్టన్‌లో ఫ్రెష్‌మన్ అండీ, కాలేజీ మొదటి ఏడాది. అక్టోబరులో ఏదో సోమవారం సెలవట. న్యూజెర్సీ నుంచి మేమూ వెళ్లి, ముగ్గురం ఆకుల రంగులు చూసొద్దామనుకుంటున్నాం. ఎక్కడికెళ్తే బాగుంటుందంటారు?”

పోయిన వారం గుళ్లో ప్రసాదం లైన్లో ఒకాయన అడిగారు. ఈ దేశం వచ్చి ఏడాదిన్నరే అయిందట. న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌కి వెళ్లండి అని చెప్పేశాను. ఇంటికొచ్చాక చూస్తే, చెప్పినదానికంటే చెప్పనిదే ఎక్కువ మిగిలిపోయింది.

ముందు తారీఖు సంగతి. అక్టోబరు రెండో సోమవారం కొలంబస్ డే. కొన్ని కాలేజీలు ఆ ఒక్క రోజే ఇస్తాయి, కొన్ని దానికి మంగళవారం కలుపుతాయి, కొన్ని అసలివ్వవు. కాలేజీ క్యాలెండర్లో సెలవుందని మురిసిపోయి హోటల్ బుక్ చేయకండి. నేను చేశాను. మా వాడి మొదటి ఏడాది, వాణ్ణి ఒక్క మాటైనా అడక్కుండా, డబ్బు తిరిగిరాని బుకింగ్ చేసి “సర్‌ప్రైజ్” అన్నాను. వాడికి మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆర్గానిక్ కెమిస్ట్రీ మిడ్‌టర్మ్. మూడు రోజులూ మేమిద్దరం కొండలు చూశాం, వాడు మోటెల్ గదిలో కర్టెన్ వేసుకుని లాప్‌టాప్ చూశాడు. కాబట్టి అడగాల్సింది సెలవెప్పుడని కాదు, ఆ వారంలో పరీక్షలేమున్నాయని. సిలబస్ కాగితం సెప్టెంబరులోనే చేతికొస్తుంది, అందులో అన్నీ రాసుంటాయి.

ఇంకోటి, దసరా. 2024లో విజయదశమి అక్టోబరు 12న, సరిగ్గా ఆ లాంగ్ వీకెండ్‌లోనే పడింది. గుళ్లో పూజ, బతుకమ్మ, ప్రయాణం మూడూ కుదరవు. ఇంట్లో ఆ పంచాయితీ ఆగస్టులోనే తేల్చుకోండి.

రంగుల విషయానికొస్తే, ఉత్తరాన కెనడా సరిహద్దు వైపు సెప్టెంబరు ఆఖరుకే మొదలై మెల్లగా దక్షిణానికి దిగుతాయి. వైట్ మౌంటెన్స్‌లో మామూలుగా అక్టోబరు మొదటి రెండు వారాలు బాగుంటాయి. పగలు ఎండ కాసి రాత్రి చల్లబడితే మేపుల్ ఎరుపు బాగా తేలుతుంది. మీ పిల్లల సెలవు నెలాఖరులో వస్తే ఇటు రావద్దు, కొమ్మలే మిగులుతాయి. అప్పుడు వర్జీనియాలో షెనండోవా కొండల మీది స్కైలైన్ డ్రైవ్‌కి వెళ్లండి. 105 మైళ్ల రోడ్డు, స్పీడ్ లిమిట్ 35, తొందరపడాలన్నా కుదరదు.

బోస్టన్ నుంచి ఉత్తరానికి ఐ-93 హైవే పట్టుకుంటే రెండు గంటలు, రెండున్నర గంటల్లో లింకన్ అనే ఊరొస్తుంది. అక్కణ్ణుంచి తూర్పున కాన్వే దాకా 34 మైళ్ల చిల్లర సాగే రోడ్డే కాంకమాగస్ హైవే. ఆ పేరు ఇక్కడి ఆదివాసీ నాయకుడిది, ఇప్పుడు ఊళ్లోవాళ్లంతా ఆ రోడ్డుని ముద్దుగా ‘కాంక్’ అంటారు. ఆ రోడ్డు పొడవునా పెట్రోలు బంకు లేదు, హోటల్ లేదు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. లింకన్‌లోనే ట్యాంకు నింపండి, మ్యాపు డౌన్‌లోడ్ చేసుకోండి. పొద్దున ఏడింటికల్లా రోడ్డెక్కండి. పదకొండు దాటితే కాన్వే వైపు బంపర్‌కి బంపర్, హైదరాబాదు నుంచి సంక్రాంతికి విజయవాడ రోడ్డెక్కినట్టే ఉంటుంది. పిల్లలు ఏడింటికి లేవరంటారా? లేవక్కర్లేదు. దిండుతో సహా వెనక సీట్లో పడుకోబెట్టండి. మిడ్‌టర్మ్‌లు రాసొచ్చిన పిల్లకి కొండలకంటే ముందు నిద్ర కావాలి.

గదుల సంగతి. ఆ వీకెండ్‌కి లింకన్, నార్త్ కాన్వేలలో రేట్లు మండిపోతాయి, చాలాచోట్ల కనీసం రెండు రాత్రులుండాలంటారు. ఆలస్యమైతే న్యూ హాంప్‌షైర్‌లోనే ఉన్న ప్లిమత్‌లోనో కాంకర్డ్‌లోనో చూసుకోండి, కాంకర్డ్ నుంచి లింకన్‌కి గంట. రాష్ట్రంలో సేల్స్ ట్యాక్స్ లేదు గానీ గదికీ, హోటల్ భోజనానికీ పన్నుంది, 8.5 శాతం. కారు అద్దెకు తీసుకుంటే పిల్లల పేరు డ్రైవర్‌గా చేర్చేముందు ఆలోచించండి, 25 లోపు వాళ్లకి రోజుకింత అదనంగా వేస్తారు. టోల్ కట్టే మీ ఈజీపాస్ పట్టుకెళ్లండి, న్యూజెర్సీది అక్కడా పనిచేస్తుంది.

కాగితాల మాట చెప్పకపోతే తప్పవుతుంది. 18 నిండిన, ఈ దేశ పౌరులు కానివాళ్లు తమ రిజిస్ట్రేషన్ పత్రం, అంటే గ్రీన్‌కార్డో, దేశంలోకి వచ్చినప్పటి ఐ-94 రికార్డు ప్రింటో, దగ్గర ఉంచుకోవాలని చట్టం. మనకి అలవాటే, పిల్లలకి గుర్తుండదు. మొన్నటిదాకా వాళ్ల పాస్‌పోర్టు మన బీరువాలోనే ఉండేది కదా. ఐ-93 మీద వుడ్‌స్టాక్ దగ్గర బోర్డర్ పెట్రోల్, అంటే సరిహద్దు గస్తీ వాళ్లు తాత్కాలిక చెక్‌పాయింట్లు పెట్టిన రోజులున్నాయి. భయపడాల్సిందేం లేదు, కాగితం దగ్గరుంటే చాలు. “ఇంత దూరం వచ్చాం, మాంట్రియల్ మూడు గంటలే కదా” అని మాత్రం అప్పటికప్పుడు అనుకోవద్దు. గ్రీన్‌కార్డు లేని భారత పాస్‌పోర్టుకి కెనడా వీసా వేరే కావాలి. అమ్మాయి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉంటే తిరిగి రావడానికి, కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద కాలేజీ వాళ్ల ట్రావెల్ సంతకం ఉండాలి. లాంగ్ వీకెండ్‌లో ఆ సంతకం పెట్టే ఆఫీసు మూసుంటుంది.

ఏం చూడాలంటే, నా లెక్కలో రోజుకి రెండు. తిరుపతి ప్యాకేజీ టూరులా పదకొండు చోట్ల దిగి ఫోటో తీసుకుని ఎక్కితే పిల్లలు రెండో గంటకే ఇయర్‌ఫోన్స్ పెట్టేసుకుంటారు. లింకన్ పక్కనే కొండల మధ్య ఫ్రాంకోనియా నాచ్ అనే కనుమలో ఫ్లూమ్ గార్జ్ మంచి నడక, సుమారు రెండు మైళ్లు, రెండు రాతి గోడల మధ్య చెక్క దారి, పక్కనే నీళ్ల హోరు. టికెట్ టైంతో సహా ముందే ఆన్‌లైన్‌లో కొనండి. దగ్గర్లోనే ఆర్టిస్ట్స్ బ్లఫ్, చిన్న కొండే, పైనుంచి ఎకో లేక్ కనిపిస్తుంది. పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, రోడ్డు పక్కన వదిలేసి వెళ్తే కారు ఈడ్చుకుపోతారు.

మా వాడికి రెండో ఏడాది మౌంట్ లఫాయెట్ ఎక్కాలని పట్టుదల పుట్టింది. 5,249 అడుగులు, పైకెళ్లి రావడానికి రోజంతా. హుడీ, మామూలు బూట్లు, ఒక నీళ్ల సీసాతో బయల్దేరబోయాడు. కింద చొక్కా మీద తిరిగే ఎండున్నా పైన మంచు పడే నెల అది. ఇవే కొండల్లోని మౌంట్ వాషింగ్టన్ శిఖరం మీదే 1934లో గంటకి 231 మైళ్ల గాలి నమోదైంది. నిర్లక్ష్యంగా వెళ్లి ఇరుక్కుంటే రక్షించిన ఖర్చు న్యూ హాంప్‌షైర్ మన దగ్గరే వసూలు చేయగలదు. హైక్ సేఫ్ కార్డని మనిషికి 25 డాలర్లు, కుటుంబానికి 35, కట్టి ఉంచుకుంటే ఆ బిల్లు చాలావరకు తప్పుతుంది, మరీ తెగించి చేసిన పనికి తప్పదు. వాణ్ణి ఆపలేదు. కోటు, టోపీ, హెడ్‌ల్యాంప్ కొనిచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని మాట తీసుకున్నాను. శిఖరం ఇంకో అరమైలుండగా తిరిగొచ్చాడు. మొహం మాడ్చుకున్నాడు గానీ వచ్చాడు.

తిండికి పులిహోర. పెరుగన్నం కట్టకండి, ఆ చలికి గొంతు దిగదు. కాంక్ రోడ్డు మీది లోయర్ ఫాల్స్ జలపాతం దగ్గర డిక్కీ తలుపెత్తి, దాని అంచు మీద కూర్చుని తిన్నాం. వేళ్లు కొంకర్లు పోతుంటే పల్లీలు ఒక్కొక్కటే ఏరుకోవడం, ఫ్లాస్కు మూతలో టీ తలా రెండు గుక్కలు. అప్పుడన్నాడు మా వాడు, మేజర్, అంటే చదివే ముఖ్య సబ్జెక్టు, మార్చుకుందామనుకుంటున్నానని. ఎవరూ అడగలేదు. వాళ్లమ్మ “ఇంకొంచెం పెట్టనా?” అంది, అంతే.

అందుకే చెప్తున్నా, మార్కుల మాట మీరెత్తకండి. కాలేజీలో చేరాక గ్రేడ్లు పిల్లల అనుమతి లేకుండా సాధారణంగా మనకి చెప్పరు, ఫెర్పా అనే చట్టముంది. ఆ లోటంతా కార్లో తీర్చుకోవాలనిపిస్తుంది, బెల్టు పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఎక్కడికీ పోలేరు కదా! నాకూ అనిపించింది. నోరు నొక్కుకోండి.

రాత్రి డ్రైవింగ్ వద్దు. ‘బ్రేక్ ఫర్ మూస్’ బోర్డులు సరదాకి పెట్టలేదు, గేదెకంటే ఎత్తైన జంతువు అది, హెడ్‌లైట్ వెలుగు దాని కాళ్లకే తగులుతుంది. సోమవారం మధ్యాహ్నం ఐ-93 దక్షిణం వైపు నిండిపోతుంది, తొమ్మిదింటికే బయల్దేరండి. డార్మ్ (హాస్టల్) దగ్గర దింపినప్పుడు పైకెళ్లి, పోయినసారి పంపిన స్టీలు డబ్బాలు అడిగి తెచ్చుకోండి. మా వాడి మంచం కింద నాలుగు దొరికాయి. ఒకదాని మూత ఇప్పటికీ ఊడిరావడం లేదు.