పాత గ్రాండ్ పియానోకు సుత్తులు మార్చాలా? ముందు నాణేలు పేర్చండి

ప్రశ్న: నమస్కారమండి. రెండేళ్ల కిందట 1926 నాటి స్టైన్‌వే ‘ఎం’ గ్రాండ్ పియానో కొన్నాం. మా అమ్మాయికి పద్నాలుగేళ్లు, రోజూ రెండు గంటలు సాధన చేస్తుంది. పై స్వరాలు రేకు డబ్బా మీద కొట్టినట్టు మోగుతున్నాయి. మీటలు బరువుగా ఉన్నాయని కూడా అంటోంది. చూడడానికి వచ్చిన టెక్నీషియన్ సుత్తులన్నీ మార్చాలన్నారు. స్టైన్‌వే వారివా, జర్మనీలో చేసే ఆబెల్, రెన్నర్‌లా, అమెరికాలోనే చేసే రాన్సెన్‌లా అన్నది మమ్మల్నే తేల్చుకోమన్నారు. ఖరీదైనవి తీసుకుంటే సరిపోతుందా?
- ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీ టెక్నీషియన్ మిమ్మల్ని పేరు అడిగారు. మీరు ఆయన్ని బరువు అడగండి.

పియానోలో మీట ముందు అంచు సుమారు 10 మిల్లీమీటర్లు దిగితే, లోపల సుత్తి 45 మిల్లీమీటర్ల దాకా పైకి లేస్తుంది. ఈ లెక్క వల్లే సుత్తిలో ఒక్క గ్రాము పెరిగితే వేలి కింద అయిదారు గ్రాములవుతుంది. 1920ల నాటి సుత్తులు చిన్నవి, తేలికైనవి. ఇప్పుడు మామూలుగా అమ్మేవాటిలో చాలా భాగం వాటికంటే బరువు. ఎంత మంచి కంపెనీవైనా, బరువు చూడకుండా బిగిస్తే మీ అమ్మాయి ఇప్పుడు చెబుతున్న బాధ ఇంకాస్త పెరుగుతుంది.

డబ్బు ఖర్చు పెట్టేలోపు ఇంట్లోనే ఒక పని చేయండి. మీ దగ్గర అయిదు సెంట్ల నాణేలు ఉంటాయి కదా, కొత్త నాణెం సరిగ్గా 5 గ్రాములు తూగుతుంది. కుడి పెడల్ తొక్కి పట్టుకుని, మధ్య సి మీట ముందు అంచున ఒక్కొక్కటిగా పేర్చండి. మీట మెల్లగా దిగడం మొదలైనప్పుడు లెక్కపెట్టండి. పది నాణేలు, అంటే 50 గ్రాములు, చక్కటి లెక్క. తర్వాత మీటను దించి పట్టుకుని నాణేలు తీస్తూ రండి. ఎన్ని మిగిలినప్పుడు మీట తనంతట తాను పైకి వస్తుందో అదీ రాసుకోండి.

రెండో అంకె చాలా మంది పట్టించుకోరు. అసలు సంగతి అందులోనే ఉంది. దించడానికి 60 గ్రాములు, లేవడానికి 30 వచ్చాయనుకోండి, సుత్తులే బరువు. దించడానికి 60, లేవడానికి 15 వస్తే మాత్రం తప్పు సుత్తులది కాదు, రాపిడిది. ఆ కాలపు స్టైన్‌వేలలో ఇది తరచూ కనిపించే రోగం. సుత్తి కాడ తిరిగే చిన్న ఇత్తడి పిన్ను చుట్టూ ఆకుపచ్చ జిగురు పేరుకుని కదలిక మందగిస్తుంది. అటువంటప్పుడు సుత్తులొక్కటే మారిస్తే చాలదు, కాడలు కూడా మార్చాలి. కాడ కింద తోలు చుట్టిన చిన్న ఉండ ఒకటి ఉంటుంది. ఆ రోజుల్లో పిన్ను నుంచి దాని దూరం 16 మిల్లీమీటర్లు, అంతకు కాస్త తక్కువ కూడా ఉండేది. ఇప్పటి కాడల్లో 17 దొరుకుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరుకే వేళ్లకు తేలిక తెలుస్తుంది.

ఇదంతా నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. ఇరవై ఏళ్ల కిందట ఒక డాక్టరుగారి పాత గ్రాండ్‌కు బాగా బలిసిన సుత్తులు బిగించాను. నా షెడ్డులో గుడిగంటలా మోగింది, పొంగిపోయాను. నెల తిరక్కుండా ఆయన ఫోను చేసి, మణికట్లు నొప్పి పుడుతున్నాయన్నారు. మీటలకు సీసం బిళ్లలు పొదిగి తూకం 50కి తెచ్చాను. అంకె బాగుంది కానీ ఒకే స్వరాన్ని గబగబా కొడితే పియానో ఆయన వేళ్లను అందుకోలేకపోయింది. సీసం తూకాన్ని సరిచేస్తుంది తప్ప, కదిలించాల్సిన బరువును తగ్గించదు. చివరికి బిళ్లలన్నీ పీకి, సుత్తుల పక్కలు చెక్కి, వారం రోజుల కూలి నేనే భరించాను.

ఇక సుత్తి తలకు చుట్టే ఉన్ని సంగతి. న్యూయార్క్ స్టైన్‌వే సుత్తి మెత్తగా వస్తుంది. దానికి పలచటి లక్క ద్రావణం పట్టించి గట్టిపరుస్తారు. జర్మనీ సుత్తులు సాధారణంగా గట్టిగా నొక్కి వస్తాయి. వాటి భుజాల దగ్గర సూదులతో గుచ్చి వదులు చేస్తారు. మన మృదంగ విద్వాంసులు తొప్పికి రవ్వముద్ద పెట్టి, ఎక్కువైతే గోటితో గీకేస్తారు కదా, లక్కకు ఆ సౌకర్యం లేదు. ఉన్నిలోకి ఒకసారి ఇంకితే మళ్లీ రాదు. నన్నడిగితే, ఇంట్లో వాయించుకునే అయిదడుగుల ఏడంగుళాల పియానోకు తేలికైన, మెత్తగా నొక్కిన సుత్తులే మంచివి. రాన్సెన్‌లో అటువంటివి దొరుకుతాయి. ఆబెల్‌లోనూ తేలిక రకం అడిగితే ఇస్తారు. మరీ పై స్వరాలకు మాత్రం కాస్త లక్క తప్పకపోవచ్చు.

ఏది కొన్నా, కాడ మధ్య నుంచి సుత్తి కొన దాకా ఉండే ఎత్తును మీ పియానో తంత్రుల ఎత్తును బట్టి కొలిపించండి. పాత సుత్తులనే నమూనాగా పంపడం టెక్నీషియన్లకు అలవాటు. కానీ తొంభై ఏళ్లు దాటిన పియానోలో ఇప్పుడున్నవి అసలువే అని నమ్మకం ఏమిటి? మధ్యలో ఎవరో తప్పు ఎత్తున బిగించి ఉంటే అదే తప్పును 88 సార్లు కొని తెచ్చుకుంటాం. పై కొసన ఉన్న స్వరాల్లో సుత్తి తగిలే చోటు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా నాదం చచ్చిపోతుంది. జిగురు పెట్టే ముందు యాక్షన్‌ను, అంటే మీటలూ సుత్తులూ ఉన్న చట్రాన్ని, ముందుకూ వెనక్కూ జరిపి విని చూశారా అని అడగండి. అడిగితే ఆయన నొచ్చుకోరు, మంచి పనివాడైతే సంతోషిస్తారు.

ఒక్కో కాడ ఒక్క స్క్రూతో ఊడి వస్తుంది. రెండు మూడు రకాల నమూనా సుత్తులను మధ్యలో పక్కపక్క స్వరాలకు బిగించమనండి. ఏది ఏదో చెప్పకుండా వారం రోజులు అమ్మాయి చేత వాయింపించండి. పాత సుత్తులను పారేయనివ్వకండి, వరస అంకెలు వేసి డబ్బాలో దాచండి.

నాణేల లెక్క రెండు అంకెలూ నాకు రాసి పంపండి. రెండోది పదిహేను దగ్గర ఉంటే ఇంకా ఏమీ కొనవద్దు.